చెవులు బాగానే ఉన్నాయి, మరి క్లాసులో ఎందుకు వినపడదు?

టీచర్లందరికీ నమస్కారం.

నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు తరచుగా ఒకే మాట చెబుతారు. "ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని చెబితే అన్నీ అర్థమవుతాయి మేడమ్. బళ్లో మాత్రం చెప్పింది వినడు అంటున్నారు." చెవి పరీక్ష చేయించారా అని అడుగుతాను. రిపోర్టు తీసి చూపిస్తారు. నార్మల్.

ఆ రిపోర్టు అబద్ధం కాదు, టీచర్ చెప్పిందీ అబద్ధం కాదు. చెవి పరీక్ష చప్పుడు లేని గదిలో, హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నటి కూతల్లాంటి శబ్దాలతో చేస్తారు. మన క్లాసులో పైన ఫ్యాన్ గరగరలాడుతుంటుంది. పక్క గదిలో ఎక్కాలు చెప్పిస్తుంటారు. కిటికీ అవతల ఆటోలు. రేకుల కప్పు ఉన్న బడిలో వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది ఉన్న పిల్లల్లో చాలామందికి మాట చేజారేది ఆ చప్పుడులోనే.

చదవడంలో ఇబ్బందికీ వినడానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. అక్షరం నేర్చుకోవడమంటే ఒక ధ్వనికి ఒక గుర్తును జతచేయడం. ధ్వనే మనసులో స్పష్టంగా నిలవకపోతే గుర్తు దేన్ని పట్టుకుంటుంది?

ఫ్రాన్స్‌లో యోహానెస్ జీగ్లర్ బృందం 2009లో ఒక పరిశోధన ప్రచురించింది. రెండు అచ్చుల మధ్య ఒక హల్లు ఉన్న, అర్థం లేని మాటలు పిల్లలకు వినిపించారు. నిశ్శబ్దంలో డిస్లెక్సియా ఉన్న పిల్లలు మిగతావాళ్లలాగే గుర్తుపట్టారు. చప్పుడు కలపగానే వెనకబడ్డారు. వయసులో బాగా చిన్నవాళ్లైనా చదవడంలో తమతో సమానంగా ఉన్న పిల్లలతో పోల్చినా వెనకబడ్డారు. అంటే, చదవడం తక్కువ కాబట్టి ఇలా జరిగిందిలే అని సరిపెట్టుకోలేం.

ఆ పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా తడబడింది హల్లును నోట్లో ఏ చోట పలికామన్న తేడా దగ్గర. వర్ణమాలనే ఆ చోటును బట్టి పేర్చుకున్న మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. క గొంతు దగ్గర, త పళ్ల దగ్గర, ప పెదవుల దగ్గర. కట్టు, తట్టు, పట్టు. ఒకసారి పైకి అనండి. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది, అది రెప్పపాటు కూడా ఉండదు. అచ్చు గట్టిగా, సాగి వినిపిస్తుంది. హల్లు ఫ్యాన్ చప్పుడులో మునిగిపోతుంది. మనకూ మునుగుతుంది కానీ, వేల మాటలు తెలిసిన అనుభవంతో ఖాళీని పూరించుకుంటాం. ఏడేళ్ల పిల్లవాడు, అదీ కొత్త పాఠంలో కొత్త మాట వింటున్నవాడు, దేనితో పూరించుకుంటాడు?

అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నీనా క్రౌస్ బృందం ఇదే విషయాన్ని మెదడు స్పందనల్లో చూసింది. ఒకే ధ్వని మళ్లీ మళ్లీ వినిపిస్తే, బాగా చదివే పిల్లల మెదడు దాన్ని పట్టుకోవడంలో పదునెక్కుతోంది. చదవడంలో వెనకబడిన పిల్లల్లో ఆ పదును రాలేదు. 2012లో వాళ్లు మరో ఫలితం ప్రకటించారు. టీచర్ మైకులో మాట్లాడితే నేరుగా పిల్లల చెవికి చేరే పరికరాలను డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఒక విద్యాసంవత్సరం ఇచ్చారు. వాళ్ల చదువూ, ధ్వనుల్ని విడదీసి గుర్తించే శక్తీ మెరుగయ్యాయి. నాకు చాలా ధైర్యాన్నిచ్చిన ఫలితం ఇది.

అయితే ఒక జాగ్రత్త. లండన్‌లో జరిగిన పరిశోధనల్లో, పిల్లల్ని ఒక్కొక్కరిగా చూసినప్పుడు ఈ ఇబ్బంది అందరిలో నిలకడగా కనిపించలేదు. చప్పుడులో వినలేని ప్రతి బిడ్డకూ డిస్లెక్సియా ఉందనకండి. చెవిలో చీము, జలుబు లాంటివి ముందు చూపించాల్సిందే.

ఖాళీ క్లాసులో చప్పుడు 35 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాటకూడదని అమెరికా ప్రమాణం చెబుతుంది. మన బళ్లకు అది చాలా దూరం, నాకు తెలుసు. కానీ మీకూ బిడ్డకూ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట బలం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఆ బిడ్డను చివరి బెంచీ నుంచి మీ ముందుకు తెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, మీ పెదాలు వాళ్లకు కనిపించాలి. "విన్నావా?" అని అడిగితే భయంతో ఊ అంటారు. "ఏం చెప్పానో చెప్పు నాన్నా" అనండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా ఉంది. కాబట్టి ముందు బెంచీ అడిగే తల్లి మిమ్మల్ని దయ చూపమని అడగడం లేదు.

ఈ వారం ఒక పని చేయండి. క్లాసులో పది మాటలు డిక్టేషన్ చెప్పండి. సాయంత్రం అందరూ వెళ్లాక, ఫ్యాన్ ఆపి, ఆ ఒక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అవే పది మాటలు మళ్లీ చెప్పండి. ఉదయం "తట్టు" అని రాసిన చోట సాయంత్రం "పట్టు" అని వస్తే, ఆ రెండు కాగితాలూ దాచి ఉంచండి. వచ్చే మీటింగ్‌కు వాటిని తీసుకురండి, కలిసి చూద్దాం.