ఉద్దానం కోసం సైకిల్ రైడ్: విజయనగరం టు ఇచ్ఛాపురం, మొహమాటం లేని రివ్యూ

నమస్తే అండి. ఈసారి రివ్యూ సైకిల్‌ది కాదు, రైడ్‌ది. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా, చలికాలంలో, స్నేహితులం కలిసి తొక్కిన చారిటీ రైడ్. దాదాపు 200 కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ల కోసం డబ్బు పోగుచేయాలని బయల్దేరాం. మేమూ ఇలాంటిది చేద్దామనుకుంటున్నాం, రూటు ఎలా ఉంటుంది, ఏమేం పట్టుకెళ్లాలి అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ వీడియో. స్పాన్సర్లు లేరు, ఏ కంపెనీ దగ్గరా ఏదీ ఊరికే తీసుకోలేదు. ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసుకోవచ్చు. రైడ్‌గా చూస్తే పలాస దాకా ఓ మోస్తరు, పలాస దాటి హైవే దిగాక అద్భుతం. చారిటీగా చూస్తే, డబ్బు ఎవరికి, దేనికి వెళ్లాలో తేలాకే సైకిలెక్కాలి. చాలామంది ముందు జెర్సీలు కుట్టించుకుంటారు, ఆ సంగతి తర్వాత ఆలోచిస్తారు.

సరే, రూటు. విజయనగరంలో చీకటి ఉండగానే లేచి, డెంకాడ మీదుగా నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. ధనుర్మాసం కదా, దారిలో ఉన్న గుళ్లలో మైకులు అప్పటికే మోగుతున్నాయి. ఒక ఊళ్లో పూజారిగారు సైకిళ్లు ఆపించి మరీ పొంగలి పెట్టారు. ఆకులో వేడివేడి మిరియాల పొంగలి, ఆ చలిలో. ఎనర్జీ బార్లు అని వందలు పోసి కొంటాం చూడండి, వాటిని ఆ రోజు ఎవరూ బయటకి తీయలేదు.

అక్కడి నుంచి పూసపాటిరేగ, పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం, శ్రీకాకుళం. ఈ ముక్క గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటుంది. పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీల షిఫ్టు మారే వేళ బస్సులు, బైకులు ఒకేసారి మీద పడతాయి, ఆ టైము తప్పించుకోండి. శ్రీకాకుళం దాటాక మడపాం దగ్గర వంశధార వంతెన వస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి నది చూడండి. ఫొటో కోసం కాదు, ఈ నీళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

ఒక్క రోజులో అయిపోతుందా అని అడుగుతారు. బ్రెవెట్లు, అంటే గడువు పెట్టి తొక్కే లాంగ్ రైడ్లు, తొక్కేవాళ్లకి 200 కిలోమీటర్లకి 13న్నర గంటల గడువు ఇస్తారు. అలవాటున్నవాళ్లు హాయిగా అందుకుంటారు. కానీ డిసెంబరు చివర్లో మన దగ్గర సూర్యుడు ఆరుంబావు దాటితే గానీ రాడు, సాయంత్రం అయిదున్నర కాకుండానే వెళ్లిపోతాడు. వెలుతురు ఉండేది 11 గంటలే. మా బృందంలో రోజూ తొక్కేవాళ్లు ఉన్నారు, సంతకి తప్ప సైకిల్ తీయనివాళ్లూ ఉన్నారు. గేర్లు లేని పాత నల్ల సైకిల్ మీద వచ్చిన మాస్టారు కూడా ఉన్నారు. అందరూ కలిసి వెళ్లాలంటే చీకట్లో హైవే మీద ఉండక తప్పదు. కాబట్టి టెక్కలిలో రాత్రి ఆగాం. నేనైతే ఎవరికైనా ఇదే చెబుతాను, రెండు రోజులు పెట్టుకోండి. టెక్కలిలో ఆగితే ఇంకో లాభం, పొద్దున్నే పక్కనే ఉన్న తేలినీలాపురం వెళ్లొచ్చు. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అవి వచ్చేది కూడా ఈ సీజన్‌లోనే.

చీకటి అంటే ఎందుకంత భయమంటే, హైవే అంచున ఆపి ఉంచిన లారీలు. వెళ్లే లారీ చప్పుడు వినపడుతుంది, ఆగి ఉన్న లారీ వినపడదు. వెనక లైటు లేకుండా, రిఫ్లెక్టర్ మీద మట్టి పట్టి, మంచులో నిలబడి ఉంటుంది. నందిగాం వైపు తెల్లవారుజామున మంచు దట్టంగా దిగుతుంది, పది గజాల ముందు ఏముందో తెలియని చోట్లు మాకు తగిలాయి. ముందు లైటు ఎంత ఖరీదైనదైనా మంచులో ఆ వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. అప్పుడు లైటు కాస్త కిందికి వంచుకోవాలి. వెనక ఎర్ర లైటు మాత్రం ఒకటి చాలదు, రెండు పెట్టండి. ఒకటి సీటుకి, ఒకటి హెల్మెట్‌కి. ఒకదాని చార్జింగ్ అయిపోయిందని మనకి తెలియదు కదా, అది ఉండేది మన వెనకాల.

ఇక గాలి. శీతాకాలంలో మన తీరంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం రోడ్డు వెళ్లేదీ ఈశాన్యానికే. అర్థమైంది కదా. రోడ్డు చదునుగానే ఉన్నా కోటబొమ్మాళి దాటాక ఎదురుగాలి తొడలు పిండేసింది. రికార్డు టైము కావాలంటే ఇచ్ఛాపురంలో మొదలెట్టి ఇటు రండి, గాలే తోస్తుంది. మేం తెలిసే అటు వెళ్లాం. రైడ్ ఎవరి కోసమో వాళ్ల ఊళ్లో ముగియాలి అన్నది మా మాస్టారి పట్టు. నాకూ అదే సబబనిపించింది. ఒకరి వెనక ఒకరు వరసగా వెళ్తూ, ముందున్నవాళ్లు కాసేపటికొకసారి మారితే గాలి బాధ చాలా తగ్గుతుంది.

సామాన్లలో నేను తక్కువ మార్కులు వేసేది సన్న వాల్వు ట్యూబులకి. ఖరీదైన సైకిళ్లకి ఇవే వస్తాయి, ప్రెస్టా వాల్వు అంటారు. మన పంక్చర్ షాపుల్లో ఉండే పంపు దీనికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి బిగిస్తే పడుతుంది, ధర చాలా తక్కువ. అది జేబులో లేకపోతే అంత ఖరీదైన సైకిలూ రోడ్డు పక్కన కూర్చుంటుంది. పంక్చర్లు కూడా మేకుల వల్ల పడేవి తక్కువ. లారీ టైర్లు పగిలినప్పుడు అందులోంచి రాలే సన్నటి స్టీలు తీగ ముక్కలు హైవే అంచు నిండా ఉంటాయి. వెంట్రుకంత తీగ, కంటికి ఆనదు. ట్యూబు మార్చే ముందు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడండి. వేలితో తడమొద్దు, గుచ్చుకుంటుంది. ఆ ముక్క తీయకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరు కూడా నిలవదు. మాస్టారి నల్ల సైకిల్‌కి పంక్చర్ పడితే నరసన్నపేటలో టీ తాగేలోపు వేసిచ్చేశారు, ఆయన మా వైపు చూసిన చూపు ఉంది చూడండి!

చలి సంగతి. మనది లంబసింగి చలి కాదు. మందపాటి జాకెట్లు వద్దు, అరగంటలో చెమట పడుతుంది, ఆ తడి మీద గాలి కొడితే అప్పుడు అసలు చలి. పల్చటి గాలి కోటు ఒకటి, గ్లవ్స్, చెవులకి మఫ్లర్ చాలు. చలికాలంలో వచ్చే అసలు ఇబ్బంది, దాహం వేయదు. దాహం లేదు కదా అని నీళ్లు తాగరు, మధ్యాహ్నానికి కాళ్లు పట్టేస్తాయి. మేం చోడి, అంటే రాగి, అంబలి సీసాల్లో పోసుకుని వెళ్లాం, మజ్జిగ, ఉప్పు కలిపి. పొట్టలో నిలుస్తుంది, ఉప్పు కూడా అందుతుంది. దానికి నా దగ్గర పదికి పది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లాంగ్ రైడ్లలో చాలామంది పొద్దున్నే ఒక నొప్పి మాత్ర వేసుకుని బయల్దేరతారు, మధ్యాహ్నం ఇంకొకటి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మూత్రపిండాలకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. ఎండలో రోజంతా పనిచేసి, సాయంత్రం ఒళ్లునొప్పులకి మాత్రలు మింగే కూలీలకి ఉద్దానంలో డాక్టర్లు చెప్పే జాగ్రత్త కూడా ఇదే. కిడ్నీ రోగుల కోసం అని బ్యానర్ కట్టుకుని, మన కిడ్నీల మీద మనమే రాళ్లేసుకోవడం ఏమిటండీ? మా ఫస్ట్ ఎయిడ్ బాక్సులోంచి ఆ మాత్రలు తీసేశాం. నొప్పి పుడితే ఆగుదాం, అంతగా అయితే మా వెంట వస్తున్న వ్యాను ఎక్కుదాం అనుకున్నాం. ఒకరు ఎక్కారు కూడా. ఎవరూ నవ్వలేదు.

పలాస వచ్చేశాం. కాశీబుగ్గలో జీడిపప్పు కొనుక్కోండి, మందస కోవా దొరికితే వదలకండి, అంతకంటే చెప్పను. 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ఈ పలాసలోనే ఉన్నాయి. ఇక్కడి నుంచి ముందుకెళ్లాక హైవే వదిలేసి సోంపేట, కవిటి మీదుగా లోపలి రోడ్డు పట్టండి. రెండు వైపులా కొబ్బరి, మధ్యమధ్య జీడిమామిడి, పనస. నీడ, నిశ్శబ్దం, లారీల బాధ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఈ తోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్లకి, ఇప్పుడు మళ్లీ చూస్తే కొంచెం ఊరటగా ఉంటుంది. రోడ్డు అక్కడక్కడ ఎగుడుదిగుడు. సన్న టైర్లు వద్దు, 32 మిల్లీమీటర్లయినా ఉండాలి.

ఒక ఊళ్లో కొళాయి దగ్గర సీసాలు నింపుకుంటుంటే ఒక తాత అడిగాడు, "ఏటి బావూ, ఇచ్ఛాపురానికి బస్సు లేదేటి?" అని. ఎందుకొచ్చామో చెప్పాం. అప్పుడు ఇంకో మాట అడిగాడు. "అయితే ఈ సైకిళ్ల కర్చు కూడా మాకే ఇచ్చెయ్యొచ్చు గదా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది. ఊరికే అడిగితే ఎవరూ ఇవ్వరు. కిలోమీటరుకి ఇంత అని రాయించుకుంటే ఇస్తారు, మనం తొక్కుతున్నామని చూస్తూ పక్కవాళ్లకీ చెబుతారు. కానీ రైడ్ ఖర్చు ఆ డబ్బులోంచి ఒక్క రూపాయి తీసినా తాత మాటే రైటు. తిండి, రూము, వ్యాను, బ్యానరు అన్నీ మా జేబుల్లోంచే. ఇంకో సంగతి, రాయించుకున్న డబ్బు బయల్దేరే ముందే వసూలు చేసుకోండి. రైడ్ అయ్యాక ఫోన్లు ఎత్తరు.

ఆ కొళాయి నీళ్లు ఎక్కడివో తెలుసా? హిరమండలం దగ్గర వంశధార జలాశయం నుంచి పైపుల్లో వచ్చినవి. మడపాం దగ్గర మనం దాటిన నదే. బోరు నీళ్ల బదులు నది నీళ్లు ఇవ్వాలని 2023లోనే ఈ పథకం కూడా మొదలైంది. జబ్బుకి కారణం నీళ్లా, పురుగుమందులా, ఎండా, వంశపారంపర్యమా అని ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నాయి. ఇదీ అని ఒక్కటి తేలలేదు.

మరి డబ్బు దేనికి ఇవ్వాలి? డయాలసిస్‌కి ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) ఉంది, రోగికి నెలకి 10,000 పింఛను ఉంది. ఇంక మనతో ఏం పని అనిపిస్తుంది. కానీ వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ మిషను మీద నాలుగు గంటలు పడుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు నీరసంతో బస్సులో నిలబడలేరు, ఆటో కావాలి. తోడు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టినది, పెట్టిన చేత్తో బరువులెత్తకూడదు, అంటే కొబ్బరి దింపే మనిషికి ఇంక ఆ పని లేనట్టే. ఆటో చార్జీ, తోడు వచ్చినవాళ్లకి భోజనం, ఇవి ఏ పథకంలోనూ పెద్దగా కనపడని ఖర్చులు. మేం ఆ రెండిటికే ఇచ్చాం, సోంపేట వైపు ఇప్పటికే రోగుల్ని తిప్పుతున్న ఆటోవాళ్ల ద్వారా, ట్రిప్పుల లెక్కన, పుస్తకంలో సంతకాలతో. పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో దిగలేదు. రోగుల్ని వీడియో తీయలేదు, అందుకే ఈ వీడియోలో తోటలూ మా మొహాలే కనపడుతున్నాయి. పండ్లబుట్టలు మాత్రం దయచేసి పట్టుకెళ్లకండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి అరటిపండు, కొబ్బరినీళ్లు, నారింజ లాంటివి డాక్టర్లు వద్దంటారు, పొటాషియం పెరుగుతుందని. కొబ్బరితోటల మధ్య పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడని మనుషులండీ వాళ్లు.

ఇచ్ఛాపురంలో బాహుదా నది దగ్గర ఆపేశాం, అవతల ఒడిశా. తిరిగి రావడానికి రైలు అనుకునేవాళ్లకి ఒక మాట. సైకిల్‌ని బ్రేక్ వ్యానులో, అంటే రైలుకుండే సామాన్ల పెట్టెలో, బుక్ చేయొచ్చు కానీ చిన్న స్టేషన్లలో బండి ఆగేది కాసేపే, అన్ని సైకిళ్లు ఎక్కించడం టెన్షన్. టాటా ఏస్ మాట్లాడుకుంటే నయం, అందరూ పంచుకుంటే మనిషికి పెద్దగా పడదు. సైకిళ్లు నిలబెట్టి కట్టండి, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పి. మధ్యలో గోనెసంచులు వేయండి, గేర్లున్న వైపు ఏదీ తగలకూడదు, గేరు మార్చే భాగాన్ని పట్టి ఉంచే డిరైలర్ హ్యాంగర్ ఇట్టే వంగిపోతుంది. గోనెసంచులు విజయనగరం నుంచే పట్టుకెళ్లండి, అక్కడ దిగాక రాత్రిపూట వెతుక్కోలేరు.