పొగాకు పరిమళంలో పొగ ఎందుకు ఉండదు?

నమస్కారం. పొగాకు వాసన వచ్చే సెంటు అనగానే మన ఇళ్లలో చాలామంది ముఖం చిట్లిస్తారు. అందుకు కారణం లేకపోలేదు. మనకు పరిచయమైన పొగాకు వాసన చాలా వరకు కాలిన పొగాకుది, అంటే బట్టలకు పట్టిన సిగరెట్ పొగది, అరుగు మీద ఆరిపోయిన చుట్టది. పురుషుల పెర్ఫ్యూమ్‌లలో పొగాకు పేరుతో వచ్చే పరిమళానికి దానితో పెద్దగా సంబంధం లేదు. అది కాల్చని ఆకు వాసన. ఆరి, నిల్వలో మాగి, పదును తగ్గిన ఆకు వాసన.

[దృశ్యం: ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్. కర్రలకు వేలాడుతున్న ఆకులు పసుపు రంగుకు తిరుగుతుంటాయి.]

ఆ వాసన ఎలా పుడుతుందో చూడడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కర్లేదు. ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల్లో పండే వర్జీనియా పొగాకును కోసి, కర్రలకు కట్టి, బ్యారన్ అనే వేడి గదిలో వేలాడదీసి, సుమారు వారం పాటు వేడిని 35 డిగ్రీల దగ్గర నుంచి 70 డిగ్రీల దాకా క్రమంగా పెంచుతూ ఆరబెడతారు. ఆకు పచ్చదనం పోగొట్టుకుని పసుపు తిరిగే తొలి దశలోనే అందులోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది. ఆ తర్వాత గోదాములో నిల్వ ఉన్నంత కాలం ఆకుకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు మెల్లగా విరిగి, అయోనోన్లు, డమాస్కోన్ల వంటి సువాసన పదార్థాలుగా మారుతూ ఉంటాయి. ఈ కుటుంబానికి చెందినవే గులాబీ నూనెలోనూ కనిపిస్తాయి. కాబట్టి మంచి పొగాకు పరిమళంలో ఎండుగడ్డి, తేనె, ఎండుద్రాక్ష వాసనలతో పాటు అడుగున ఎక్కడో పూల ఛాయ తగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆకు నుంచి ద్రావకాలతో తీసే చిక్కటి, ముదురు గోధుమరంగు సారాన్ని పరిమళకర్తలు అబ్సల్యూట్ అంటారు. అయితే మనం కొనే చాలా సీసాల్లో ఆ సారం నామమాత్రమే. కొన్నింటిలో అసలు ఉండదు. కూమరిన్, డమాస్కోన్, వెనిలిన్, తేనె వాసననిచ్చే పదార్థాలు, మసాలా దినుసుల నూనెలు కలిపి పొగాకు భ్రమను కల్పిస్తారు. ఇది మోసం కాదు, పనితనం. వీటిలో ఎండుగడ్డి వాసనకు మూలమైన కూమరిన్‌ను 1820లో టోంకా అనే చెట్టు గింజల నుంచి వేరు చేశారు. 1868లో రసాయన శాస్త్రవేత్త విలియం పెర్కిన్ దానిని ప్రయోగశాలలో తయారు చేశాడు. 1882లో ఉబిగాన్ అనే ఫ్రెంచ్ సంస్థ తెచ్చిన ఫుజేర్ రోయాల్ పెర్ఫ్యూమ్‌లో అది చేరడంతో ఆధునిక పురుషుల పరిమళాలకు ఒక దారి ఏర్పడింది.

[దృశ్యం: వరుసగా పెట్టిన పెర్ఫ్యూమ్ సీసాలు.]

ఇక ఆకర్షణ సంగతి. తీపి పరిమళం తమకు నప్పదని అనుకునే పురుషులు కూడా పొగాకు వెంట వచ్చే తీపిని ఇష్టంగా ఒప్పుకుంటారు. ఎందుకంటే ఆకులోని పొడితనమూ, కొద్దిపాటి చేదూ ఆ తీపికి కళ్లెం వేస్తాయి. కళ్లెం సరిగా పడిందా లేదా అన్నదే నా దృష్టిలో సీసా యోగ్యతకు గీటురాయి. 2007లో టామ్ ఫోర్డ్ తెచ్చిన టొబాకో వెనిల్‌లో వెనిలా, మసాలాలు, ఎండుపండ్లు దట్టంగా ఉంటాయి. దానికి పేరు ఎంత వచ్చినా, నా ముక్కుకు తీపిదే పైచేయి. 2008 నాటి డోల్చే అండ్ గబ్బానా ద వన్ ఫర్ మెన్‌లో అల్లం, యాలకుల మధ్య పొగాకు అణకువగా ఉంటుంది. మిరియం ఘాటు కావాలనుకునేవారికి 2012లో వచ్చిన విక్టర్ అండ్ రోల్ఫ్ స్పైస్‌బాంబ్ నచ్చవచ్చు. అన్నట్టు, ఈ వాసన మగవారి సొత్తేమీ కాదు: 1919లో కారోన్ సంస్థ తబా బ్లాన్‌ను తెచ్చింది స్త్రీల కోసమే.

హైదరాబాద్‌లో వీటిని వాడాలంటే కాలం చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజున ఇలాంటి బరువైన పరిమళం చల్లుకుని హైటెక్ సిటీలో కిక్కిరిసిన లిఫ్ట్ ఎక్కడం తోటివారిని శిక్షించడమే. ఒంటి వేడికి వెనిలా, తేనె ఒక్కసారిగా పొంగి ఊపిరాడనివ్వవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా ఆరుబయట జరిగే పెళ్లి విందుల్లో, అదే పరిమళం హుందాగా ఉంటుంది. రెండు స్ప్రేలు చాలు.

[దృశ్యం: పత్తర్‌గట్టి అత్తరు దుకాణాలు.]

సిగరెట్‌కూ చార్మినార్ పేరే పెట్టుకున్న నగరం మనది. ఆ చార్మినార్ చుట్టుపక్కలే అత్తరు దుకాణాలూ ఉన్నాయి. ఎండాకాలంలోనూ పొగాకు వాసనే కావాలనుకునేవారు అక్కడ నూనె రూపంలో దొరికితే తీసుకోవడం మేలు. ఆల్కహాల్ లేనందున అది మొదట్లోనే గుప్పుమనదు, చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ రూపంలో కొన్నా, మణికట్టు మీద రాయించుకున్న వెంటనే బేరం మొదలుపెట్టకండి. మొదటి కొన్ని నిమిషాల్లో ముక్కుకు అందేవి ఎక్కువగా మసాలాలూ, నిమ్మజాతి వాసనలే. పొగాకు అవి తగ్గాక గానీ బయటపడదు కాబట్టి, దగ్గర్లోని మదీనా సెంటర్ దాకా నడిచి, ఒక చాయ్ తాగి వచ్చి, అప్పుడు ధర అడగండి.