దివిసీమలో తారు కంటే ముందు తూములు

సర్పంచులకు, పంచాయతీరాజ్ ఇంజనీర్లకు నమస్కారం.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై చీలి, మధ్యలో దివిసీమను వదిలి సముద్రంలో కలుస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పులిగడ్డ–పెనుమూడి వంతెనతో రేపల్లె వైపు దారి దగ్గరైంది. ఇక మిగిలిన బాధంతా ఊళ్ల రోడ్లదే.

ఏ ఊళ్లోనైనా ముందు అడిగేది వెడల్పు, తారు. రోడ్డు కింద నీళ్లు దాటే తూముల మాట ఎవరూ ఎత్తరు. నేల దాదాపు సమతలం. మురుగు పోయే దిక్కుకు అడ్డంగా రోడ్డు కట్ట వేస్తే అది చెరువుగట్టే అవుతుంది. ఎగువ పక్క నీళ్లు పెరిగి, రోడ్డెక్కి, దిగువ పక్కకు దూకుతాయి. దెబ్బ తగిలేది తారుకు కాదు, దిగువ పక్క రోడ్డు అంచు మట్టికి. అది కోసుకుంటూ తారు కిందికి వస్తుంది. నీళ్లు తీసాక పైన నల్లగా, నున్నగా కనిపిస్తుంది, కింద డొల్ల. మొదటి ట్రాక్టరు ఎక్కగానే అంచు విరిగిపోతుంది.

కాబట్టి రెంటిలో ఒకటి తేల్చుకోవాలి. వరద మట్టం కంటే ఎత్తు లేపి సరిపడా తూములు పెట్టడం, లేదా నీళ్లు ఎక్కుతాయని ఒప్పుకుని ఆ ముక్క వరకు సిమెంటు చప్టా (నీళ్లు పైనుంచి పారినా చెడని కాంక్రీటు రోడ్డు) వేయడం. చప్టాకు రెండు వైపులా భూమిలోకి గోడ దించాలి, దిగువ గోడ ఇంకాస్త లోతుగా. దాని ముందు రాళ్లు పేర్చాలి. అరకొరగా ఎత్తు లేపి తూముల ఖర్చు మిగుల్చుకున్న రోడ్డే అన్నిటికంటే ముందు తెగుతుంది.

తూముకు 600 మిల్లీమీటర్ల వ్యాసం పైపు చవకే. గుర్రపుడెక్క అడ్డుపడితే లోపలికి మనిషి దూరి తీయలేడు. 1000 పెట్టండి.

ఉప్పుగాలి తగిలే కాంక్రీటుకు ఎం35 గ్రేడు (గట్టిదనం కొలత), నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, ఇనుముపై 50 మిల్లీమీటర్ల కవరు, అంటే ఇనుమును కప్పే కాంక్రీటు మందం. కవరు బ్లాకుల బదులు కంకర పలుకులు పెడితే ఇనుము సెంట్రింగుకు ఆనుకుంటుంది, తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులూడుతుంది. ఉప్పు బోరు నీళ్లు కలపడానికీ వద్దు, తడపడానికీ వద్దు.

ఎదురుమొండి దీవికి వంతెన వచ్చేదాకా పంటే (జనాన్ని, బండ్లను దాటించే బల్లకట్టే) దిక్కు. తుపాను హెచ్చరిక రాగానే, పంటు ఆగకముందే నెలలు నిండిన గర్భిణులను అవనిగడ్డకు చేర్చాలి.

తుపాను వెలిశాక రంపాలతో చెట్లు కొట్టే ముందు తీగల్లో కరెంటు లేదని లైన్‌మన్ చేత రూఢి చేయించుకోండి. తర్వాత ఇనుప చువ్వతో రోడ్డు అంచులు పొడిచి చూడాలి. చువ్వ సులువుగా దిగిన చోట ఎర్రగుడ్డ కట్టి, అది పూడ్చేదాకా లారీలు ఆపి, సరుకు చిన్న బండ్లలో పంపండి.