గుంటూరు గ్రహణం నుంచి సున్నా నిరోధం దాకా

ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం.

తొమ్మిదో తరగతిలో ఘన, ద్రవ, వాయు స్థితులు చదువుతారు. విద్యుత్తు పదో తరగతిలో వస్తుంది. ఏడాది ఎడం వల్ల ఈ రెండూ సంబంధం లేని పాఠాల్లా మిగిలిపోతున్నాయి. ఆ రెండూ కలిసే చోటు ఒకటి ఉంది: బాగా చల్లబడ్డ కొన్ని లోహాల్లో కరెంటుకు నిరోధమే లేకుండా పోవడం, అంటే అతివాహకత్వం. అక్కడికి వెళ్లే దారి మన గుంటూరు మీదుగానే పోతుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే పట్టీలో) గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు చూశాడు కూడా. తర్వాత ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ ఆ కాంతిలోని ఒక పసుపు గీతను పట్టుకుని, ఇది సోడియంది కాదు, కొత్త మూలకానిది అన్నాడు. అదే హీలియం. దాన్ని గుంటూరులోనే కనుగొన్నారని కొందరు అంటుంటారు. అంత మాట అనలేం. కానీ ఆ కథలో గుంటూరుకు చోటు మాత్రం ఖాయం.

వాయువును చల్లబరిస్తే కణాల వేగం తగ్గి, వాటి మధ్య ఆకర్షణ పైచేయి సాధిస్తుంది. అప్పుడది ద్రవమవుతుంది. హీలియం పరమాణువుల మధ్య ఆకర్షణ మరీ తక్కువ, అందుకే అది చివరిదాకా లొంగలేదు. 1908లో హాలండులోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ దాన్ని ద్రవంగా మార్చాడు. మైనస్ 269 డిగ్రీలు!

అంత చల్లదనంలో లోహం గుండా కరెంటు ఎలా పోతుంది? మామూలుగా లోహంలో పరమాణువుల కంపనాలు ఎలక్ట్రాన్లకు అడ్డుపడతాయి. ఆ అడ్డునే నిరోధం అంటాం. చల్లబడితే అది తగ్గాలి. బ్రిటిష్ శాస్త్రవేత్త కెల్విన్ మాత్రం ఎలక్ట్రాన్లే కదలకుండా పోయి నిరోధం పెరుగుతుందని అనుకున్నాడు. తేల్చుకోవాలంటే చాలా శుద్ధమైన లోహం కావాలి. పాదరసాన్ని స్వేదనంతో (మరిగించి, ఆ ఆవిరిని మళ్లీ చల్లబరిచి) బాగా శుద్ధి చేయవచ్చు కాబట్టి ఓన్స్ బృందం దాన్నే ఎంచుకుంది. పాదరసం మైనస్ 39 దగ్గరే గడ్డకడుతుంది. కాబట్టి వాళ్లు కొలిచింది ఘన పాదరసాన్ని.

1911లో, మైనస్ 269 దగ్గర, దాని నిరోధం ఉన్నట్టుండి కొలవడానికి కూడా దొరకనంతగా పడిపోయింది. పిల్లలూ, ఈ 'ఉన్నట్టుండి' దగ్గర కాస్త ఆగండి. మంచు కూడా కొంచెం కొంచెంగా మెత్తబడి నీరు కాదు, సున్నా డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పాదరసంలో జరిగిందీ స్థితి మార్పే. అయితే మారింది పరమాణువుల అమరిక కాదు, ఎలక్ట్రాన్ల తీరు. అవి జంటలుగా కలిసి సాగుతాయని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. దీన్నే అతివాహకత్వం అంటాం.

ఇప్పుడు ఓమ్ నియమం గుర్తు చేసుకోండి: పొటెన్షియల్ తేడా అంటే కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చేది. నిరోధం సున్నా అయితే, కరెంటు సాగడానికి పొటెన్షియల్ తేడా అక్కర్లేదు. ఆసుపత్రుల్లోని చాలా ఎంఆర్ఐ యంత్రాల్లో నయోబియం-టైటానియం అనే మిశ్రలోహపు తీగచుట్టను, అది అతివాహకంగా ఉండేలా, ద్రవ హీలియంతో చల్లగా ఉంచుతారు. ఒకసారి ఎక్కించిన కరెంటు అందులో తిరుగుతూనే ఉండి, ఆ చుట్టను బలమైన అయస్కాంతంగా నిలుపుతుంది. ఆసుపత్రిలో కరెంటు పోయినా ఆ అయస్కాంతం వెంటనే ఆగిపోదు. స్కానింగ్ జరగని వేళ కూడా ఇనుప వస్తువులను ఆ గదిలోకి రానివ్వకపోవడానికి కారణం అదే.