‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ తెలుగు ఆడియో పుస్తకం రివ్యూ: గొంతు అద్భుతం, వరుస అన్యాయం

నమస్కారం. తిరుపతి నుంచి ఈ వారం రివ్యూ, టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ తెలుగు ఆడియో పుస్తకం గురించి. దీన్ని తయారు చేసినవారు నాకు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, ఫలానాది చెప్పమని అడగనూ లేదు. ధర ఎంత, నిడివి ఎంత, ఏ యాప్‌లో దొరుకుతుంది అన్న వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోను. నలభై అయిదేళ్లకే జబ్బుపడి చనిపోయిన ఒక న్యాయాధికారి కథ ఇదని కూడా మీలో చాలామందికి తెలుసు.

నాకు మాట్లాడాలని ఉన్నది వరుస గురించి. మూలంలో పన్నెండు అధ్యాయాలున్నాయి. మొదటి అధ్యాయం మొదలయ్యేసరికే ఇవాన్ ఇల్యీచ్ చనిపోయి ఉంటాడు. ఈ ఆడియోలో ఆ అధ్యాయాన్ని అక్కడి నుంచి తీసి చిట్టచివర పెట్టారు. కథ కాలక్రమంలో సాగితే వినేవారికి ఉత్కంఠ ఉంటుందని ముందుమాటలో కారణం కూడా చెప్పారు. పేరులోనే మరణం ఉన్న కథలో, ఆ మనిషి బతుకుతాడా లేదా అన్న ఉత్కంఠ ఎవరికి కావాలి? ఈ ఒక్క మార్పుతో ఆ రచన వెన్నెముక విరిగిపోయిందని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

మొదటి అధ్యాయంలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. కోర్టులో విచారణ మధ్య విరామంలో సహోద్యోగులు కబుర్లు చెప్పుకుంటుండగా ఒకాయన పత్రికలో మరణవార్త చూస్తాడు. 1882 ఫిబ్రవరి 4న ఇవాన్ ఇల్యీచ్ పోయాడని అందులో ఉంటుంది. వినగానే ప్రతి ఒక్కరికీ మొదట తట్టేది, ఆ ఖాళీలోకి ఎవరు వస్తారు, దానివల్ల తనకు ప్రమోషన్ వస్తుందా అన్నది. ఆ వెంటనే, పోయినవాడు అతడే గానీ నేను కాదు కదా అన్న ఊరట. పరామర్శకు వెళ్లిన మిత్రుడి మనసు పేకాట మీద ఉంటుంది. భార్య కన్నీళ్లు తుడుచుకుంటూనే, ప్రభుత్వం నుంచి పింఛను మీద ఇంకేమైనా రాబట్టవచ్చా అని ఆరా తీస్తుంది. మన చిత్తూరు వైపు చావింటికి వెళ్లినవారికి ఇది కొత్త సంగతి కాదు. దండ వేసి, రెండు నిమిషాలు తలవంచుకుని నిలబడి, గడప దాటగానే పక్కవాడి చెవిలో ‘ఎన్నింటికి ఎత్తుతారంట?’ అని అడగడం మనందరం చూసిందే. అడిగేవారిలో దుర్మార్గం ఏమీ లేదు. బతికున్నవాడు చావు దగ్గర నిలబడే తీరే అది. టాల్‌స్టాయ్ మనల్ని కూడా మొదట అక్కడే, ఆ గడప దగ్గరే నిలబెడతాడు. ఆ తరువాతే మనల్ని చేయిపట్టి వెనక్కి, ఆ చనిపోయినవాడి జీవితంలోకి తీసుకువెళతాడు.

అలా వెళ్లినప్పుడు మనకు ప్రతి వాక్యమూ వేరుగా వినిపిస్తుంది. కొత్త ఇంట్లో పరదాలు ఎలా వేలాడదీయాలో పనివాడికి చూపించబోయి ఇవాన్ ఇల్యీచ్ నిచ్చెన మీద నుంచి జారతాడు. కిటికీ చట్రం పిడి పక్కటెముకల దగ్గర తగులుతుంది. కాసేపు నొప్పి పెట్టి తగ్గిపోతుంది. ఆ సంగతి అతడు ఇంట్లో నవ్వుతూ చెప్పుకుంటాడు. అతడి చావు తెలిసినవారికి ఆ నవ్వు గుండెలో గుచ్చుకుంటుంది. తెలియనివారికి అది ఇల్లు సర్దుకునే హడావిడిలో ఒక చిన్న సంఘటన, అంతే. జరిగిపోయిన జీవితాన్ని చావు వైపు నుంచి తిరిగి చూడడమే జ్ఞాపకం చేసే పని అయితే, ఆ చూపును రచయిత పాత్రకు ఇవ్వడానికి ముందే పాఠకుడికి ఇచ్చాడు. ఆడియో తయారు చేసినవారు దాన్ని మన చేతుల్లోంచి లాక్కున్నారు.

ఇంత కోపంలోనూ చదివిన గొంతును మెచ్చుకోకుండా ఉండలేను. పదో అధ్యాయాన్ని నేను అలిపిరి మెట్ల దారిలో, గాలిగోపురం దాటి దారి కాస్త చదునైన చోట విన్నాను, విని అక్కడే కూర్చుండిపోయాను. రోగికి ఆ రోజు ఉడికించిన ఆల్‌బకరా పళ్లు పెడతారు. వాటితో అతడికి చిన్నప్పుడు తిన్న ముడుతల పచ్చి పళ్లు, వాటి వింత రుచి, గింజ దాకా చప్పరించేటప్పుడు నోట్లో ఊరిన నీళ్లు గుర్తొస్తాయి. ఆ రుచి వెంట దాది, తమ్ముడు, ఆటబొమ్మలు వరుసగా వస్తాయి. తట్టుకోలేక అతడు ఆలోచన మళ్లించి, సోఫా తోలు మీది ముడుతను చూస్తాడు. ఆ తోలు ఇంకో తోలును గుర్తు చేస్తుంది: నాన్న తోలు సంచిని పిల్లలు చించడం, శిక్ష పడడం, అమ్మ తినడానికి ఏదో తెచ్చి పెట్టడం. తప్పించుకోబోయినా మళ్లీ బాల్యంలోకే వచ్చి పడతాడు. చదివినాయన ఇక్కడ గొంతులో ఏడుపు పెట్టలేదు. నోట్లో నీళ్లూరిన సంగతిని, ఆ రుచి ఇప్పుడే తగిలినట్టు, నిదానంగా పలికారు.

ఆ తరువాత వచ్చే లెక్కే ఈ కథకు ప్రాణం. ఎంత వెనక్కి వెళితే అంత జీవం ఉందని, ఇటు వచ్చేకొద్దీ చీకటి పెరిగిందని, ఆ పెరుగుదల మరణానికి ఉన్న దూరపు వర్గానికి (స్క్వేర్‌కు) విలోమ నిష్పత్తిలో ఉందని, అంటే చావు దగ్గరపడేకొద్దీ మరింత వేగంగా పెరిగిందని అతడికి తోస్తుంది. జీవితమంతా ఇతరుల మీద తీర్పులు రాసిన మనిషి ముందు అతడి సొంత జ్ఞాపకాలు వచ్చి సాక్ష్యం చెబుతాయి. ఉద్యోగం, హోదా, ఇంటి అలంకరణ, వీటిలో ఒక్కటీ అతడి పక్షాన నిలబడదు.

చిత్తూరులో మా తాతగారు చివరి రోజుల్లో తాలూకా కచేరీ ఉద్యోగం గురించి గానీ, కష్టపడి కట్టిన మిద్దె గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నతనంలో తెల్లవారుజామున ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడం, తోలు బాన పైకి వచ్చి నీళ్లు కాలువలోకి ఒలికే చప్పుడు, ఇవే చెప్పేవారు. ఎద్దుల పేర్లు కూడా తప్పకుండా చెప్పారు. అప్పుడు మా ఇంట్లో అందరూ దాన్ని మతిచలనం అన్నారు. నేను మాత్రం ఈ కథ తెలిసినవాణ్ని కాబట్టి అలా అనుకోలేకపోయాను.

దీనికి అయిదేళ్ల ముందు, 1881లో, బ్రెజిల్ రచయిత మషాదో ద అసీస్ చచ్చినవాడి చేత సమాధిలోంచి ఆత్మకథ చెప్పించాడు. నాకు అదీ ఇష్టమే. అయితే అక్కడ చెప్పేవాడు చనిపోయాడు కాబట్టి అతడికి భయం లేదు. ఇవాన్ ఇల్యీచ్‌కు ఆ వెసులుబాటు లేదు; అతడు నొప్పితో, ఇంకా బతికి ఉండి, గుర్తు చేసుకోవాలి. అందుకే నేను మళ్లీ మళ్లీ టాల్‌స్టాయ్ దగ్గరికే వస్తాను.

నేపథ్య సంగీతం అక్కర్లేదు, ముఖ్యంగా చావుకు ముందు ఇవాన్ ఇల్యీచ్ మూడు రోజులు అరిచే చోట వయొలిన్ అసలు అక్కర్లేదు. రోగి కాళ్లు ఎత్తి పట్టుకునే పనివాడు గెరాసిమ్ మాటలు మాత్రం హాయిగా, మన పల్లె మనిషి మాటల్లాగే ఉన్నాయి. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన పాత తెలుగు పుస్తకాల్లోని భాషతో పోలిస్తే ఈ అనువాదం చెవికి చాలా దగ్గరగా ఉంది.

వరుస సరిచేసేదాకా దీన్ని కొనమని నేను చెప్పలేను. తయారు చేసినవారికి ఈ మాట రాసి పంపాను కూడా. ఇప్పటికే కొని ఉంటే యాప్‌లో పన్నెండో ఫైలును ముందుగా వినండి, ఆ తరువాత ఒకటి నుంచి పదకొండు దాకా వరుసగా వినండి. ముందుమాటను వదిలేసినా నష్టం లేదు.