వెనక చక్రం నుంచి ముందుకు

శ్రోతలందరికీ నమస్కారం. పాత స్పోర్ట్స్ కారు ఒకటి సంపాదించి, నట్టు నట్టు విప్పి, మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: "ఏ ఇంజిన్ పెట్టమంటారు?" నేనైతే ఆ ప్రశ్నను చివరికి ఉంచుకోమంటాను. ముందు ఒక సుద్దముక్క తీసుకుని కారు వెనక వైపుకి వెళ్లండి.

ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. వెనక చక్రాల్లో ఒకటి కదలకుండా నేల మీదే ఉండాలి, రెండోది జాకీతో పైకి లేవాలి, కింద గట్టి స్టాండు ఉండాలి. లేపిన టైరు మీద ఒక గీత, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని మోసే పొడవాటి గొట్టం, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఒక గీత గీయండి. టైరును చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఈలోగా షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో పక్కనున్న వాళ్లని లెక్కపెట్టమనండి. మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్ అయితే ఆ లెక్కే మీ వెనక యాక్సిల్ రేషియో, అంటే చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె. ఒక చక్రం ఆగి ఉంది కాబట్టి రెండోదాని రెండు చుట్లు, రెండూ చెరో చుట్టు తిరిగినట్టే. హౌసింగ్ విప్పనక్కర్లేదు.

ఎమ్‌జీబీ కారునే తీసుకుందాం. 1962 నుంచి 1980 దాకా తయారైన బ్రిటిష్ కారది, 1,798 సీసీ ఇంజిన్. దాని మీద ఈ పని చేస్తే షాఫ్ట్ నాలుగు చుట్లకు కొంచెం ముందే ఆగుతుంది. లోపల చక్రాలను తిప్పే పెద్ద గేరు, క్రౌన్ వీల్‌కు 43 పళ్లు, దాన్ని తిప్పే షాఫ్ట్ వైపు చిన్న గేరు, పినియన్‌కు 11. భాగిస్తే 3.909.

ఇప్పుడు కాగితం తీయండి. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 1,667 మీటర్లు వెళ్తాం, అంటే చక్రం 877 చుట్లు తిరుగుతుంది. దాన్ని 3.909తో గుణిస్తే టాప్ గేరులో ఇంజిన్ 3,430 చుట్ల దగ్గర తిరుగుతోందన్నమాట. ఓ గంట అలాగే నడిపితే చెవులు హోరెత్తుతాయి. అదే కారుకి ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగంలో ఇంజిన్ చుట్లు తగ్గించే అదనపు గేరు ఉంటే, పాత రకంలో దాని నిష్పత్తి 0.802, ఇంజిన్ 2,750కి దిగుతుంది. ఆ తేడా కోసమే ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ దొరికితే వదలొద్దని అంటాను. కొత్త పిస్టన్లకు పెట్టే డబ్బు ముందు దానికి పెట్టండి.

"అలాంటప్పుడు యాక్సిలే మార్చేస్తే పోలేదా?" అనిపించవచ్చు. 1973 నుంచి 1976 దాకా వచ్చిన ఎమ్‌జీబీ జీటీ వీ8 కారులో 3.07 యాక్సిల్ వాడారు. అంకె తగ్గింది కాబట్టి అదే వేగంలో ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతుంది. కానీ దాని ముందు 3,528 సీసీ అల్యూమినియం వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉంది. కింది స్పీడులోనే బండిని లాగేసే ఇంజిన్ అది. అదే యాక్సిల్ మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్ వెనక పెడితే చదును రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఎత్తు రాగానే గేరు దించాల్సిందే. ఒక్కో భాగం విడిగా చూస్తే మంచిదే. జత కుదరకపోతే రెండూ చెడ్డవైపోతాయి.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. మొదటి ప్రాజెక్టులో నేను అన్నిటికంటే ముందు కొన్నది రేసింగ్ క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీ. అలాంటి క్యామ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ. పై స్పీడులో అది లాభం. కింద మాత్రం సిలిండర్ సరిగ్గా నిండదు. నా ఇంజిన్ 3,000 దాటితేగాని నిద్ర లేచేది కాదు. సిగ్నల్ దగ్గర బండి మొత్తం వణికేది. వెనకేమో పెద్ద చక్రాలు వేశాను, దాంతో మామూలు వేగంలో ఆ 3,000 వచ్చేదే కాదు. మళ్లీ ఇంజిన్ దించి, ఒరిజినల్‌కు దగ్గరగా ఉండే క్యామ్ వేసిన రోజు కారు ఎంత హాయిగా నడిచిందో ఇప్పటికీ మర్చిపోలేదు. రోడ్డు మీద తిరిగే కారుకి మెత్తటి క్యామే సరైందని నా గట్టి నమ్మకం.

గేర్‌బాక్స్ కొనేటప్పుడు ఏ సంవత్సరానిదో కనుక్కోండి. ఎమ్‌జీబీలో 1967 చివరి దాకా మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే గేరు మార్చేటప్పుడు పళ్ల వేగాలను కలిపి శబ్దం లేకుండా పడేలా చేసే ఏర్పాటు లేదు. ఇంజిన్ కూడా అంతే: 1964 చివరి దాకా పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్, అంటే క్రాంక్‌కు ఆనుగా మూడు మెయిన్ బేరింగులు, ఆ తర్వాత ఐదు. కొనేది ఐదు బేరింగులదైతే మేలు. క్లచ్ ప్లేటును డబ్బాలోంచి తీయగానే గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదకు ఎక్కించి చూడండి. పళ్లు కలవకపోతే అక్కడే తెలిసిపోతుంది.

ఇంజిన్ లోపల ఖర్చు పెట్టాల్సిన చోటు ఒకటుంది, వాల్వు సీట్లు, అంటే మూసుకున్నప్పుడు వాల్వు ఆనుకునే అంచులు. పాత పోతపోసిన ఇనుప హెడ్‌లో, అంటే ఇంజిన్ పైమూతలో, సీట్లను ఆ ఇనుములోనే చెక్కేవారు. పెట్రోల్లోని సీసం వాటిని కాపాడేది. ఇప్పటి పెట్రోల్లో సీసం లేదు, కాబట్టి గట్టి సీట్లు దింపించుకోవాలి. హెడ్ ఎలాగూ లేత్ షాపుకి వెళ్తుంది, ఆ పని కూడా అప్పుడే చేయించేయండి.

అన్నీ కుదిరాక ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గరకు రండి. దానికి రెండు చివరలా క్రాస్ జాయింట్లు, అంటే వంపులో కూడా తిరగనిచ్చే కీళ్లు ఉంటాయి. వంపులో తిరిగే క్రాస్ జాయింట్ ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు చివర్లలో వంపు సమానంగా ఉండి, షాఫ్ట్ రెండు చివరలా జాయింట్లను పట్టుకునే చెవులు ఒకే వరసలో ఉంటే ముందుది చేసిన తప్పును వెనకది సరిచేస్తుంది. లేదంటే స్టీరింగు పట్టుకున్న చేతులకు, సీటుకు అదురు తెలుస్తుంది. వేరే ఇంజిన్ పెట్టినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కారు బరువంతా చక్రాల మీద ఉండగా, ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంట్ల మీద కూర్చున్నాక, రెండు చోట్లా కోణం కొలవండి. ఇంజిన్ బేకి రంగు వేయకముందే ఈ కొలత అయిపోవాలి. మౌంటు జరపాల్సి వస్తే వెల్డింగు తప్పదు, వెల్డింగు పడితే కొత్త రంగు కాలిపోతుంది.

సెలవు, నమస్కారం.