అర్రే బాగానే ఉంది, మరి డేటాబేస్ ఎందుకు పాకుతోంది?

[స్క్రీన్: రాత్రి 9:40. లేటెన్సీ గ్రాఫ్ గోడలా నిలబడి ఉంటుంది.]

నమస్కారం. ఇలాంటి లేటెన్సీ గ్రాఫ్, అంటే స్టోరేజ్ జవాబివ్వడానికి పట్టే టైమ్ గ్రాఫ్, చూసి నేను ఒకప్పుడు ఒక రాత్రంతా మేలుకున్నాను. నెలాఖరు. మామూలుగా 1 మిల్లీసెకనులో పలికే బిల్లింగ్ డేటాబేస్ 40కి ఎక్కి కూర్చుంది. బ్రిడ్జ్ కాల్‌లో, అంటే అన్ని టీములూ కలిసిన కాన్ఫరెన్స్ కాల్‌లో, ఇరవై మంది, అందరి నోటా ఒకటే మాట: "స్టోరేజ్ స్లో". ఆ రాత్రికి స్టోరేజ్ టీమ్ అంటే నేనొక్కడినే.

మొదటి గంట వృథా చేశానని ముందే ఒప్పేసుకుంటా. అర్రే అంటే డిస్కులన్నీ ఉండే స్టోరేజ్ పెట్టె; దాని కన్సోల్ తెరిచి, కంట్రోలర్ లోడు, క్యాషే, డిస్కులు అన్నీ తవ్వుతూ కూర్చున్నాను. అక్కడ లేటెన్సీ 0.7 మిల్లీసెకన్లే. ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా అదే. సర్వర్ 40 అంటోంది, అర్రే 0.7 అంటోంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం జవాబు అక్కడే ఉంది. టెన్షన్‌లో నాకది కనపడలేదు.

[స్క్రీన్: ఎడమ వైపు సర్వర్, మధ్యలో రెండు స్విచ్‌లు, కుడి వైపు అర్రే. సర్వర్ మీద 40, అర్రే మీద 0.7.]

మాది వీఎంవేర్, ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్. ఆ మెషీనే హోస్ట్. హోస్ట్‌లో ఈఎస్ఎక్స్‌టాప్ అనే టూల్ తెరిచి యు నొక్కితే ప్రతి డిస్కుకీ వరసగా కొన్ని అంకెలొస్తాయి. కేఏవీజీ అంటే హోస్ట్ లోపల, కెర్నల్ క్యూలో ఆగిన టైమ్. డీఏవీజీ అంటే కమాండ్ స్టోరేజ్ కార్డు గుమ్మం దాటి బయటికెళ్లి తిరిగొచ్చేవరకు పట్టిన టైమ్. కేఏవీజీ 2 దాటి ఉంటే క్యూ డెప్త్ (క్యూలో ఒకేసారి ఎన్ని కమాండ్లు పడతాయో) సంగతి చూడాలి. మాకు కేఏవీజీ దాదాపు సున్నా, డీఏవీజీ 39. అంటే హోస్ట్ తప్పు లేదు, అర్రే తప్పు లేదు. దారిలోనే ఎక్కడో ఇరుక్కుంది. లినక్స్ వాళ్లు ఐఓస్టాట్ అనే టూల్‌లో అవెయిట్ అనే అంకె చూస్తారు కదా, అందులో క్యూలో ఆగిన టైమ్ కూడా కలిసే ఉంటుంది, కాబట్టి పక్కనే క్యూ సైజు కూడా చూడండి.

ఇక స్విచ్‌ల దగ్గరికి పోదాం. ముందుగా చూడాల్సింది పాడైన కేబుల్, దుమ్ము పట్టిన ఎస్ఎఫ్‌పీ (కేబుల్ గుచ్చే చిన్న మాడ్యూల్). బ్రొకేడ్ స్విచ్‌లో పోర్ట్ ఎర్రర్ షో అనే కమాండ్ కొడితే సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో పాడైన ఫ్రేముల (డేటా ముక్కల) లెక్క, కనపడతాయి. ఆ టేబుల్లో సీఆర్‌సీ పక్కన జీ ఈఓఎఫ్ అని ఇంకో కాలమ్ ఉంటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. అది పెరుగుతుంటే ఫ్రేమ్ పాడైంది సరిగ్గా ఆ లింకులోనే. ఉత్త సీఆర్‌సీ మాత్రమే పెరుగుతుంటే అది ముందెక్కడో పాడై ఇక్కడిదాకా వచ్చింది, మీరు ఆ కేబుల్ మార్చినా ఉపయోగం ఉండదు. మాకు రెండూ సున్నా.

[స్క్రీన్: నీళ్ల క్యాన్ల ఆటో, వీధి చివర ఒక ఇల్లు.]

ఇప్పుడు అసలు కథ. మన ఇళ్లలో నీళ్ల క్యాన్ ఎలా వస్తుంది? ఖాళీ క్యాన్ ఇస్తేనే నిండుది దింపుతాడు. సర్వర్లనీ స్టోరేజ్‌నీ కలిపే నెట్‌వర్క్, ఫైబర్ ఛానల్, అచ్చం ఇంతే. అవతలి పోర్టు దగ్గర ఎన్ని బఫర్లు (ఫ్రేములు దించుకునే చోట్లు) ఉన్నాయో అన్నే క్రెడిట్లు పంపేవాడి చేతిలో ఉంటాయి. ఒక ఫ్రేమ్ పంపితే ఒక క్రెడిట్ తగ్గుతుంది. అవతల బఫర్ ఖాళీ అయ్యాక ఆర్-రెడీ అని సిగ్నల్ వస్తేనే అది తిరిగి చేతికొస్తుంది. క్రెడిట్లు అయిపోతే పంపేవాడు ఊరికే నిలబడాలి. ఎర్రర్ ఏమీ రాదు, లైటు ఎర్రబడదు. మామూలు ఈథర్నెట్ అయితే ఇలాంటప్పుడు ప్యాకెట్ పారేసేది. ఇక్కడ వెంటనే పారేయరు, ఆపుతారు. స్విచ్‌లో అర సెకను దాకా ఆగి, అప్పటికీ కదలకపోతేనే ఫ్రేమ్ పోతుంది. అలా పోయిందంటే మాత్రం హోస్ట్ తన టైమౌట్ అయ్యేదాకా ఎదురుచూస్తుంది, లినక్స్ డిస్కుకి మామూలుగా 30 సెకన్లు. యూజర్ "స్క్రీన్ ఫ్రీజ్ అయింది సార్" అనేది ఇలాంటప్పుడే.

నిలబడ్డ టైమ్ లెక్క కూడా స్విచ్ రాసుకుంటుంది. పోర్ట్ స్టాట్స్ షోలో టిమ్ టీఎక్స్ క్రెడిట్ జెడ్ అనే కౌంటర్ ఉంటుంది. పంపాల్సింది ఉండీ క్రెడిట్ లేకపోతే ప్రతి 2.5 మైక్రోసెకన్లకీ ఒకటి పెరుగుతుంది. అంటే 4 లక్షలు పెరిగితే ఒక సెకను నిలబడ్డట్టు. అందులో ఎన్నో నెలల పాత లెక్క పోగుపడి ఉంటుంది, దాన్ని చూసి బెదిరిపోకండి. స్టాట్స్ క్లియర్ కొట్టి, పది నిమిషాలాగి చూడండి.

[స్క్రీన్: 9,60,00,000 ÷ 4,00,000 = 240 సెకన్లు]

అర్రే ఉన్న స్విచ్ నుంచి సర్వర్ల స్విచ్‌కి వెళ్లే ఐఎస్ఎల్ (రెండు స్విచ్‌లని కలిపే లింకు) పోర్టులో పది నిమిషాల్లో ఈ కౌంటర్ 9 కోట్ల 60 లక్షలు పెరిగింది. పదిలో నాలుగు నిమిషాలు ఆ లింకు చేతులు కట్టుకుని నిలబడింది.

సరిగ్గా ఇక్కడే నేను రెండోసారి బోల్తా పడ్డాను. కౌంటర్ పెరుగుతోంది కాబట్టి ఆ ఐఎస్ఎల్‌దే తప్పనుకుని ఇంకో లింకు వేద్దామన్నాను. కౌంటర్ పెరిగిన పోర్టు పాపం ఆగి ఉన్న బండి. జామ్ చేసినవాడు దాని ముందున్నాడు. క్రెడిట్ తిరిగి ఇవ్వనిది అవతలి స్విచ్. అది ఎందుకివ్వలేదు? దాని బఫర్లు ఎవరికోసమో నిండిపోయాయి. ఆ ఎవరో తేలాలంటే అవతలి స్విచ్‌లో నిండా ఊపిరాడకుండా పోతున్న పోర్టు వెతకాలి.

దొరికింది. సెకనుకు దాదాపు 800 ఎంబీ, ఒక్క క్షణం కూడా దిగకుండా. 8 గిగ్ (సెకనుకు 8 గిగాబిట్) కార్డున్న పాత బ్యాకప్ సర్వర్. ఎర్రర్లు సున్నా, అలర్ట్‌లు సున్నా. అవతల 32 గిగ్ అర్రే పోర్టులు నాలుగు దానికి జోన్ చేసి, అంటే దానితో మాట్లాడే అనుమతి ఇచ్చి, ఉన్నాయి. అది 16 స్ట్రీములతో, అంటే ఒకేసారి 16 వరసల్లో, రీడ్లు అడుగుతోంది, అర్రే సంతోషంగా కుమ్మరిస్తోంది, వచ్చింది వచ్చినట్టు మింగే గొంతు దానికి లేదు. దాని ఫ్రేముల వెనక మా బిల్లింగ్ డేటా నిలబడి ఉంది.

"మరి పక్క సర్వర్లు బాగానే ఉన్నాయిగా?" అని కాల్‌లో ఒకాయన పదేపదే అడిగారు. మంచి ప్రశ్నే. బ్రొకేడ్ ఐఎస్ఎల్‌లో డేటాకి మామూలుగా నాలుగు వర్చువల్ లేన్లుంటాయి. బ్యాకప్ సర్వర్‌తో ఒకే లేన్‌లో పడ్డవాళ్లే ఇరుక్కున్నారు. వేరే లేన్ వాళ్లు హాయిగా సాగిపోయారు.

[స్క్రీన్: గ్రాఫ్ మెట్లు దిగినట్టు కిందికి వస్తుంది.]

అప్పటికప్పుడు చేసింది చిన్న పనే. బ్యాకప్ స్ట్రీములు 16 నుంచి 4కి తగ్గించాం. రెండు నిమిషాల్లో డేటాబేస్ 1.2కి దిగింది. తర్వాతి వారం ఆ సర్వర్‌ని రెండే అర్రే పోర్టులకి జోన్ చేశాం, అవీ డేటాబేస్ వాడనివి. కొత్త కార్డుకి మాత్రం బడ్జెట్ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది.

ఈలోగా స్ట్రీములు తగ్గాయి కాబట్టి బ్యాకప్ తెల్లారి ఆరు దాకా సాగేది. దాని మీద ఇంకో బ్రిడ్జ్ కాల్. "స్టోరేజ్ స్లో" అన్నారు.